పదికీ డిగ్రీకీ మధ్య రెండేళ్లు

పదో తరగతి తర్వాతి రెండేళ్ల చదువు బడిదా, కాలేజీదా? తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లుగా ఒక్క జవాబూ నిలవలేదు. జవాబు మారినప్పుడల్లా గుమ్మం మీద బోర్డు మారింది. దానికి తగ్గ డబ్బు మాత్రం రాలేదు. మార్కాపురం ప్రాంతంలోని త్రిపురాంతకం వైపు నుంచి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

మొదట్లో కాలేజీ చదువు బడిలోనే మొలిచింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి 1864లో కాలేజీ అయింది. గుంటూరు లూథరన్ మిషన్ బడి 1885లో కాలేజీగా ఎదిగింది. ఎఫ్.ఏ. (డిగ్రీకి ముందు రెండేళ్ల చదువు) వరకే చెప్పేవాటిని సెకండ్ గ్రేడ్ కాలేజీలు అనేవారు. మిషన్ల విరాళాలు, పిల్లల ఫీజులు, సర్కారు గ్రాంటు కలిస్తేనే అవి నడిచేవి. కాబట్టి ఆ మూడూ దొరికే పట్టణాల్లోనే వెలిశాయి. అప్పటి కర్నూలు జిల్లాలోని మార్కాపురం తాలూకాకు ఆ భాగ్యం లేదు. ఊరూరికీ పలకలు పంపిన మార్కాపురం పిల్లలే పైచదువుకు గుంటూరో కర్నూలో పోవలసి వచ్చింది.

1952-53లో మొదలియార్ కమిషన్ ఈ చదువును మళ్లీ బడి వైపు తిప్పింది. మల్టీపర్పస్ హైస్కూళ్లు వచ్చాయి. అక్కడ హయ్యర్ సెకండరీ ముగిస్తే పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) లేకుండానే డిగ్రీలో చేరే వీలుండేది. ఆలోచన మంచిదే. అయితే సైన్సు, వ్యవసాయం చెప్పగల ఉపాధ్యాయులు, ప్రయోగశాలలు సరిపడా సమకూరలేదు. కొఠారీ కమిషన్ తర్వాత మన రాష్ట్రం 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను జూనియర్ కాలేజీల్లో ప్రవేశపెట్టింది. 1971 చట్టంతో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది.

జూనియర్ కాలేజీ అనే పేరు విద్యార్థికి గౌరవమిచ్చింది, కాదనను. కానీ బడికొచ్చే నిధులకు ఇంటర్‌ను దూరం చేసిందీ ఆ పేరే. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది. అదే ఏడాది మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్ తొమ్మిది, పది తరగతులను పట్టించుకుంది. పన్నెండో తరగతి దాకా ఒకే పద్దు కిందికి రావడానికి 2018లో సమగ్ర శిక్ష రావలసి వచ్చింది. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించే ఆ పథకంతోనే కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఇంటర్ దాకా ఎదిగే వీలు కలిగింది. మార్కాపురం ప్రాంతపు ఆడపిల్లలకు ఇది చిన్న మేలు కాదు. పది పాసైన పిల్లను రోజూ బస్సెక్కించి పంపాలంటే వెనకాడే ఇళ్లు ఇక్కడ ఎన్నో.

ఆ ఇళ్లను ఉద్దేశించిందే 2022 నాటి హైస్కూల్ ప్లస్. రాష్ట్రంలో 292 ఉన్నత పాఠశాలల్లో బాలికలకు ఇంటర్ తెరిచారు. ఊళ్లోని బడికే ఇంటర్‌ను తేవడం సరైన పని. చిక్కల్లా సిబ్బంది దగ్గర వచ్చింది. కొత్త లెక్చరర్లను తీసుకోకుండా పీజీ ఉన్న స్కూల్ అసిస్టెంట్లకే ఆ బాధ్యత అప్పగించారు. పదో తరగతికి పాఠం చెప్పే అనుభవం వేరు, బైపీసీ విద్యార్థి చేత ప్రాక్టికల్ రికార్డు రాయించి, బ్యూరెట్ పట్టించి టైట్రేషన్ చేయించడం వేరు. అరవై ఏళ్ల కిందట మల్టీపర్పస్ బడులను కుంగదీసిన లోటే ఇది.

2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆకలితో పాఠం వినే బాధ తప్పింది. ఇక కావలసింది పాఠం చెప్పే మనిషి. త్రిపురాంతకం, పుల్లలచెరువు, దోర్నాల తల్లిదండ్రులు తమ ఎమ్మెల్యేను కొత్త భవనం కన్నా ముందు సబ్జెక్టుకొక లెక్చరర్‌ను, పనిచేసే ల్యాబును అడగాలి.