లేత చెక్క నేలకు నిలిచే పూత

మేపుల్, పైన్, యాష్ వంటి లేత రంగు చెక్కతో నేల వేయించుకున్నవారికి కోరికలు రెండు. చెక్క రంగు మారకూడదు, పైపూత అరగకూడదు. ఈ రెండూ తీరుస్తామంటూ కొత్త కొత్త పూతలు వస్తూనే ఉన్నాయి. వాటి చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. అరుగుదలను తట్టుకునే శక్తి పెరిగిన కొద్దీ, పాడైన చోటును మాత్రమే బాగుచేసుకునే వీలు తగ్గుతూ వచ్చింది. మన్నికను లెక్కగట్టేటప్పుడు ఈ రెండో పద్దును వదిలేస్తే ఎంత ఖరీదైన డబ్బా కొన్నా మోసపోతాం.

స్వీడన్, డెన్మార్క్ ప్రాంతాల పాత పల్లె ఇళ్లలో చాలావాటికి నేలపై పూతే లేదు. పైన్ పలకల మీద తడి ఇసుక చల్లి, బలంగా రుద్ది, నీళ్లతో కడిగేవారు. మెత్తటి సబ్బు వాడుకలోకి వచ్చాక దాన్ని నీళ్లలో కలిపి తుడిచేవారు. సబ్బులోని కొవ్వు చెక్క రంధ్రాల్లో నిలిచి మురికిని కొంత ఆపుతుంది, పైన పొర మాత్రం కట్టదు. అందుకే పలక తెల్లగానే ఉండేది, మరక పడితే ఆ ఒక్కచోట రుద్దితే సరిపోయేది. డెన్మార్క్‌లో ఇప్పటికీ కొందరు పలకలకు ముందు క్షారం పట్టించి, తర్వాత సబ్బునీళ్లతోనే నేలను కాపాడుకుంటారు.

ఈ చాకిరీని తగ్గించేవి నూనెలు, వార్నిష్‌లు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. దాన్ని త్వరగా ఆరనిచ్చే లినోలెనిక్ ఆమ్లమే పోనుపోను పసుపు రంగునూ తెస్తుంది. వెలుతురు సోకని తివాచీ కింద ఆ పసుపు ఇంకా ముదురుతుంది. దానికి విరుగుడుగా 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికా ఇళ్లకు పనికొచ్చింది మన లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుమ, రేగు చెట్లపై పురుగులు స్రవించిన లక్కను శుద్ధిచేసి, రేకులుగా తీసి కలకత్తా రేవు నుంచి పంపేవారు. రంగు పోగొట్టిన తెల్ల లక్కను స్పిరిట్‌లో కరిగించి లేత చెక్కకు పూసేవారు. ఏటికొప్పాకలో లేత అంకుడు కర్ర బొమ్మలకు నునుపునిచ్చేదీ లక్కే. నేల మీద దాని బలహీనత తేలిగ్గా బయటపడేది. తడి గ్లాసు పెట్టిన చోట తెల్లటి వలయం మిగిలేది. అయితే స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిస్తే చాలాసార్లు ఆ వలయం పోయేది. కొత్త పూత పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోయేది కాబట్టి అతుకు కనపడేది కాదు.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలియురెథేన్ రసాయనానికి పునాది వేసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది నేలలకూ వచ్చింది. ఇప్పుడు మన వడ్రంగులు పీయూ అంటున్నది ఈ కుటుంబాన్నే. నీళ్లకు, స్పిరిట్‌కు, చెప్పుల రాపిడికి అది లక్కను మించి తట్టుకుంది. కానీ ఆరిన పీయూ కరగదు. కొత్త కోటు పట్టాలంటే పాతదాన్ని గరుకు కాగితంతో రుద్దాల్సిందే, గీత పడిన చోట మాత్రమే పూస్తే మచ్చలా కనిపిస్తుంది. నూనె కలిసిన రకాలు పసుపెక్కడంతో, 1970ల చివర్లో స్వీడన్ నుంచి వచ్చిన నీటి ఆధారిత పూతలకు గిరాకీ పెరిగింది. గాలిలో కలిసే ద్రావకాలపై అమెరికా, యూరప్ పెట్టిన నిబంధనలూ వాటికి ఊతమిచ్చాయి. ఫ్యాక్టరీలోనే అల్యూమినియం ఆక్సైడ్ కలిపి, అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే పూత అన్నిటికన్నా మొండిది, దాన్ని గీకి తీయడమూ అంతే కష్టం. పైన పలచటి చెక్క పొర మాత్రమే ఉన్న పలకనైతే ఒకటి రెండుసార్లకు మించి గీకలేం.

నీటి ఆధారిత పూత పసుపెక్కదు కదా, ఇక ఇబ్బందేమిటని అడగొచ్చు. పూత పసుపెక్కకపోయినా చెక్కే పసుపెక్కుతుంది. కలపలోని లిగ్నిన్ వెలుతురుకు రంగు మారుతుంది, పూతలోని రక్షక రసాయనాలు ఆ మార్పును మందగింపజేస్తాయే గాని ఆపలేవు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇసుకతో, సబ్బుతో నేలలు తోమిన వెట్టి ఆడవాళ్లది, పనిమనుషులది, దాన్ని పొగడడం అన్యాయం కాదా? నిజమే. ఆ చాకిరీ నుంచి విడుదల చిన్న లాభం కాదు, ఆ నేలలకు తిరిగి వెళ్లమని ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే పని మాయమవలేదు, వాయిదా పడింది. రోజూ చేసే తోముడు ఎన్నో ఏళ్లకోసారి ఇల్లంతా ఖాళీ చేసి, దుమ్ము రేపుతూ చెక్కదాకా గీకే పనిగా మారింది.

ఆ వాయిదాను తెలివిగా వాడుకునే దారి బాస్కెట్‌బాల్ మైదానాల్లో కనిపిస్తుంది. రోజంతా బూట్ల రాపిడి తినే ఆ మేపుల్ నేలలు దశాబ్దాలు నిలుస్తున్నాయంటే ఆ ఘనత ఒక్క పూతదే కాదు. పొర అరిగి చెక్క బయటపడేదాకా ఆగకుండా, చాలాచోట్ల ఏడాదికోసారి పైపైన రుద్ది కొత్త కోటు వేస్తారు. ఇంటికీ ఇదే పద్ధతి సరిపోతుంది, నడక తక్కువ గనుక అంత తరచుగా అవసరం రాదు. లేత నేలకు నీటి ఆధారిత పీయూ మంచి ఎంపికే. కొనేముందు ఎన్నేళ్లు వస్తుందని కాకుండా, దాని మీద మళ్లీ కోటు ఎప్పుడు, ఎలా వేయాలని అడగాలి. దానికి సూటిగా జవాబు దొరకని పూతను ఎంత గట్టిదైనా పక్కన పెట్టడమే మేలు.