ఉస్తుఖుద్దూస్ : ఒక మూలిక పయనము

లావెండరు అనగానే సబ్బులు, అత్తరులు, నిద్రపట్టనివారు దిండుపై చిలకరించుకొను తైలము మనకు జ్ఞప్తికి వచ్చును. ఇది పాశ్చాత్యుల పరిమళమనియు, మన దేశమునకు నిన్న మొన్న వచ్చినదనియు పలువురి తలంపు. కాని ఈ జాతి మొక్కయే యొకటి వేరొక పేరుతో హైదరాబాదు హకీములకు చిరపరిచితము. ఆ పేరు ఉస్తుఖుద్దూస్. దాని పుట్టుక నిచట కొంత వివరింపదలచితిమి.

క్రీ. శ. మొదటి శతాబ్దమున డయాస్కోరిడీస్ అను గ్రీకు వైద్యుడు అయిదు భాగముల ఔషధ గ్రంథమును రచించెను. నేటి ఫ్రాన్సు దక్షిణ తీరమున, సముద్రములో వరుసదీరియున్న దీవులకు ఆనాడు స్టోయికాడీస్ అని పేరు. ఆ దీవులలో పెరుగుటచేత ఈ మొక్కకు స్టోయికాస్ అను పేరు కలిగెననియు, దీని కషాయము ఎదజబ్బులకు మంచిదనియు అతడు వ్రాసెను.

తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరములో స్తెఫానోస్ అను పండితుడు ఆ గ్రంథమును అరబ్బీలోనికి తెచ్చెను. హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ దానిని సరిదిద్దెను. అరబ్బుల నోట స్టోయికాస్ ఉస్తుఖుద్దూస్ అయ్యెను. తరువాతి హకీములు దీనిని ‘జారూబె దిమాగ్’, అనగా మెదడును ఊడ్చు చీపురు అనిరి. తలలో చేరిన కఫమును తొలగించునని వారి నమ్మకము.

ఈ మూలికతో చేయు ప్రసిద్ధమైన యునానీ లేహ్యము ‘ఇత్రిఫల్ ఉస్తుఖుద్దూస్’. తలనొప్పికి, విడువని పడిశమునకు దీనిని ఇత్తురు. ఇత్రిఫల్ అన మరేమియు కాదు, మన త్రిఫలయే! కరక్కాయ, తానికాయ, ఉసిరిక అను మూడును మన ఆయుర్వేదము నుండి పోయి, గ్రీకుల మూలికతో జతగూడి, అరబ్బీ పేరు ధరించి మరల మన యింటికే వచ్చినవి. వైద్యవిద్యకు ఎల్లలు లేవనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

అయితే ఇచ్చట నొక మెలకువ అవసరము. నేడు సీసాలలో దొరకు మేలి లావెండరు తైలము ఈ మొక్కది కాదు. అది ఫ్రాన్సులోని ప్రోవాన్సు కొండలలో ప్రసిద్ధికెక్కిన వేరొక తెగ. దాని తైలమున లినలూల్, లినలిల్ ఎసిటేటు అను పదార్థములు ముఖ్యములు. ఉస్తుఖుద్దూస్ తైలమున కర్పూరము, ఫెంకోన్ అనునవి హెచ్చు. పేరు కలిసినంత మాత్రమున ఒకదాని గుణము వేరొకదానికి అంటగట్టరాదు.

మేలి లావెండరు కీర్తికి ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గాట్‌ఫోసే కొంత కారణము. 1910లో ప్రయోగశాలలో ప్రేలుడు సంభవించి అతని చేతులు కాలినవి. ఆ పుండ్లకు లావెండరు మేలుచేసెనని అతడు చెప్పెను. 1937లో పరిమళ చికిత్సపై ఒక గ్రంథము ప్రకటించెను. కాని ఒక్కరి అనుభవము ఎంత గొప్పదైనను శాస్త్రప్రమాణము కానేరదు. అందుచేతనే తరువాతివారు పరీక్షలకు పూనుకొనిరి. 2010లో ప్రకటితమైన ఒక జర్మను పరిశోధనలో 77 మంది రోగులకు ఆరు వారములపాటు చికిత్స చేసి చూడగా, ప్రత్యేకముగా తయారుచేసిన లావెండరు తైలపు గుళికలు ఆందోళనను తగ్గించుటలో లోరజెపామ్ అను మందుతో సరితూగినవి. అయినను 2012లో ఐరోపా ఔషధ సంస్థ లావెండరు తైలమును స్వల్పమైన మనోవ్యాకులతకు, నిద్రకు అనుమతించినపుడు, దీర్ఘకాలపు వాడుకనే ఆధారముగా పేర్కొన్నదిగాని, పరీక్షలు చాలినన్ని కలవని చెప్పలేదు.

కనుక మనము దీనిని సర్వరోగ నివారిణిగా నెత్తిన పెట్టుకొననక్కరలేదు. వట్టి వాసన యని త్రోసివేయను రాదు. పడకగదిలో ఆ పరిమళము హాయి గొల్పిన మంచిదే. కాని సీసాలోని తైలమును త్రాగరాదు, పిల్లల చేతికి అందనీయరాదు. నిద్రలేమియో, దిగులో వారముల తరబడి వీడనిచో, ఇంటివారు ఆ మనిషికి పరిమళము నిచ్చి ఊరకుండక వైద్యుని వద్దకు తోడ్కొనిపోవలెను. వేయి యేండ్లుగా ఈ మూలికను చేతులు మార్చిన వైద్యులందరును మొదట రోగిని చూచి, పిదపనే మందు నిచ్చినవారు.