తీపి వద్దనే పసిబిడ్డ

మన ఇళ్ళల్లో పసిబిడ్డ నోటికి తల్లిపాలకంటే ముందే తీపి తగిలించేవాళ్ళు. వేలికి తేనె రాసి నాకించడం, వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాయడం, ఏడిస్తే ఉగ్గుగిన్నెతో చక్కెర నీళ్ళు పట్టడం. తరువాత ఆరో నెలలో, ఆడపిల్లకైతే ఐదో నెలలో, బెల్లం పరమాన్నంతో అన్నప్రాశన. తేనె అయితే ఏడాది నిండేదాకా ఏ బిడ్డకూ పెట్టకూడదని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తున్నారు, దాని కారణం వేరే. నేను రాస్తున్నది ఆ పరమాన్నం గురించి.

అన్నప్రాశన దాకా తల్లిపాలతో ముద్దగా పెరిగిన బిడ్డ, ఆ వారం నుంచే వాంతులు మొదలుపెడితే మనం ఏమంటాం? దిష్టి తగిలింది అంటాం. పండ్లు వస్తున్నాయి అంటాం. వేడి చేసింది అంటాం. పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో నిజంగానే అది ఏదో చిన్న సంగతే అయ్యుంటుంది. కానీ లోకంలో కొందరు పిల్లలకి తీపే పడదు. యూరప్ లెక్కల్లో సుమారు 20 వేల మందికి ఒకరు. పేరు హెరిడిటరీ ఫ్రక్టోజ్ ఇంటాలరెన్స్, అంటే పుట్టుకతో పండ్ల చక్కెరను తట్టుకోలేకపోవడం.

పండ్ల చక్కెరను, అదే ఫ్రక్టోజ్‌ని, 1847లో దుబ్రన్‌ఫో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వేరుగా గుర్తించాడు. పండ్లలో, తేనెలో ఉండేది అదే. మన చక్కెర, బెల్లంలో కూడా సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పాలలోని చక్కెరలో ఫ్రక్టోజ్ లేదు, అందుకే తల్లిపాలు తాగినన్నాళ్ళూ ఈ బిడ్డలకి ఏమీ కాదు.

ఇది ఒక రోగమని లోకానికి తెలిసింది 1956లో. లండన్‌లో 24 ఏళ్ళ యువతి, పండు తిన్నా చక్కెర తిన్నా కడుపులో తిప్పుతుంది, కళ్ళు తిరుగుతాయి అని చెప్పింది. చాంబర్స్, ప్రాట్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ మాట నమ్మి, ఒక్కొక్క చక్కెరా విడివిడిగా ఇచ్చి చూశారు. గ్లూకోజ్ ఇస్తే ఏమీ కాలేదు. ఫ్రక్టోజ్ ఇస్తే బాధ మొదలయింది. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఫ్రోష్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ ఒకే కుటుంబంలో ఇద్దరు తోబుట్టువుల్లో, మరో ఇద్దరు బంధువుల్లో ఇదే చూసి, వంశంలో వచ్చేదని తేల్చారు. 1961లో బెల్జియంలో కాలేయంలో కొరవడిన ఎంజైమ్ ఏదో తెలిసింది. దాని పేరు ఆల్డొలేజ్ బి. అది లేకపోతే ఫ్రక్టోజ్ సగం దారిలో ఆగి కాలేయంలోనే పేరుకుంటుంది. దాంతో కాలేయం తాను దాచుకున్న గ్లూకోజ్‌ని కూడా బయటికి వదలలేదు. కడుపునిండా తీపి తిన్న బిడ్డకి రక్తంలో చక్కెర పడిపోవడం ఇందుకే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 1967 నాటి పరిశోధన. ఈ జబ్బున్న ఎనిమిది మంది పళ్ళు పరీక్షిస్తే పుచ్చు చాలా తక్కువ. వాళ్ళకి ఎవరూ పథ్యం చెప్పకముందే, వాళ్ళంతట వాళ్ళే చిన్నప్పటినుంచీ తీపి మానుకుని బతికారన్నమాట. చాక్లెట్ ఇస్తే ముఖం తిప్పుకునే బిడ్డని మొండి అనుకుంటాం, ఎవరైనా చుట్టం ఇచ్చింది తీసుకోకపోతే మర్యాద తెలియదంటాం. (మా ఆయన ఓళిగ ముట్టడు, అది వేరే కథ, నేతి ఓళిగంటే ముఖం మొత్తుతుందట. ఒక్క అయిష్టమే రోగం కాదు.)

ఇప్పుడు మన సీమకి వద్దాం. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి ధాత కరువు మాటలు మా అవ్వ తన అవ్వ నోట విన్నది. కొర్ర, జొన్న, రాగి, ఊరిబిండి, మజ్జిగ, ఇదీ నిత్యం తిండి. చెరకు పండేది చెరువు కింద మడుల్లో, అదీ చెరువు నిండిన ఏడే. బెల్లం పండగ వస్తువు, హిందూపురం మండీ నుంచి అచ్చు కొనుక్కొస్తే మేనత్త ఇంటికి కూడా ముక్క పంపేవాళ్ళు. అలాంటి ఇంట్లో ఈ జబ్బున్న బిడ్డ పుట్టి, అన్నప్రాశన గండం గడిచిందంటే, సంగటి మజ్జిగతో పెరిగిపోయి ఉండొచ్చు. గండం గడవని బిడ్డలకి పేరు పెట్టినవాళ్ళు ఎవరు? కరువుల్లో పోయిన పసిబిడ్డల లెక్కలో వాళ్ళూ కలిసిపోయారు. పాత తిండి గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు, ఆ తిండి కూడా దొరక్క పోయినవాళ్ళ నేల ఇది.

ఇవాళ బోర్లు, డ్రిప్పు పైపులు వచ్చి అదే నేల చీనీ, దానిమ్మ, అరటి, మామిడి తోటలయింది. అంగన్‌వాడీ బాలామృతంలో చక్కెర ఉంటుంది. బడిలో బెల్లం శెనక్కాయల చిక్కీ. ఇవన్నీ మామూలు బిడ్డలకి మేలే చేస్తాయి. కానీ ఇదివరకు పండక్కి ఒకసారి తగిలేది ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు తగులుతోంది.

మన దగ్గర ఇంకొక సంగతి, మేనరికం. ఈ జబ్బు రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలవాలి. ఒక్కటే ఉన్నవాళ్ళు హాయిగా ఓళిగలు తింటారు, వాళ్ళకి తెలియనే తెలియదు. ఇద్దరూ అలాంటివాళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనమామని చేసుకున్నా, మేనబావని చేసుకున్నా, ఇద్దరి దగ్గరా అదే జన్యువు ఉండే వీలు పెరుగుతుంది. ఉత్తరాదిలో అగర్వాల్ కుటుంబాల్లో ఒకే రకం జన్యులోపం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోందని 2015లో డాక్టర్లు ప్రచురించారు. వాళ్ళవి మేనరికాలు కావు, తమలో తామే సంబంధాలు కలుపుకునే కులం కాబట్టి. మన సీమలో రెండూ ఉన్నాయి.

ఏం చూడాలి? తీపి, పండు, పండ్ల రసం, తియ్యటి సిరప్ తగిలిన కాసేపటికి వాంతి, చెమటలు, పాలిపోవడం, మగతగా వేలాడిపోవడం, ఒక్కోసారి ఫిట్స్. తెలియక పెడుతూ పోతే బరువు పెరగకపోవడం, కాలేయం వాచి పొట్ట ఉబ్బడం, కామెర్లు. ఒకసారి కాదు, తీపి తగిలిన ప్రతిసారీ అవుతుందా అన్నది ముఖ్యం. ఏ రోజు, ఏ గంటకి, ఏం పెట్టారు, ఎంతసేపటికి ఏమయింది, ఒక నోటుబుక్కులో రాసి డాక్టరుకి చూపించండి. నిర్ధారణకి ఇప్పుడు రక్తంతో జన్యు పరీక్ష చాలు. తేల్చుకుందామని ఇంట్లో మళ్ళీ తీపి పెట్టి చూడకండి, ప్రాణం మీదికి వస్తుంది. మగతగా ఉంటే, ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి.

ఆపిల్ జ్యూస్ తాగితే గ్యాసు, పొట్ట నొప్పి, విరేచనాలు అయ్యే పిల్లలు చాలామంది ఉంటారు. అది పేగు ఫ్రక్టోజ్‌ని సరిగా పీల్చుకోలేకపోవడం. కాలేయానికి ముప్పు లేదు, జ్యూస్ తగ్గిస్తే సర్దుకుంటుంది. రెండిటినీ ఒకటనుకుని హడలిపోవద్దు.

జబ్బు తేలిన బిడ్డకి మందు అంటూ లేదు, తిండే మందు. అన్నం, రాగి సంగటి, పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం పెట్టొచ్చు. పండ్లు, తేనె, బెల్లం, చక్కెర కూడదు. ఉల్లిగడ్డ, టమోటా, క్యారెట్, చిలగడదుంపల్లో కూడా ఉంటుంది కాబట్టి కూరల జాబితా డాక్టరుతో కూర్చుని రాసుకోవాలి. పండ్లు లేవు గనక విటమిన్ సి విడిగా ఇస్తారు. సార్బిటాల్ అనే తీపి కూడా ఒంట్లోకి పోయాక ఫ్రక్టోజే అవుతుంది, చాలా సిరప్‌ల్లో అదీ, చక్కెరా రెండూ ఉంటాయి. అందుకని జ్వరం మందు కొనేముందు సీసా మీది అక్షరాలు చదవండి. విరేచనాలయితే మనం చేసే చక్కెర ఉప్పు నీళ్ళు ఈ బిడ్డకి పట్టకూడదు, గ్లూకోజ్‌తో చేసిన మామూలు ఓఆర్ఎస్ ప్యాకెట్ వేరు, అది పట్టొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ తేడా ముందే చెప్పి పెట్టండి, మనం లేని పూట బిడ్డని చూసేది వాళ్ళే కదా.