పాతకార్ల ముందు సస్పెన్షన్‌లో మార్పులు: చట్టం, భద్రత – మోరిస్ పరంపర ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాతకారు ముందు సస్పెన్షన్‌ను మార్చడం చట్టసమ్మతమా అన్నది ఒక ప్రశ్న, సురక్షితమా అన్నది మరొక ప్రశ్న. మోరిస్ మైనర్ నిర్మాణాన్ని, భారతదేశ, బ్రిటన్ నిబంధనలను కలిపి పరిశీలించి, ఈ రెండు ప్రశ్నలకు ఒకే సమాధానం లేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మోరిస్ మైనర్, అంబాసిడర్, టార్షన్ బార్, మోటారు వాహనాల చట్టం, వింటేజ్ వాహనాలు.

1. ఉపోద్ఘాతం:
అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మోరిస్ మైనర్ 1948 అక్టోబరులో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో వెలువడింది. అదే కారు ‘బేబీ హిందుస్థాన్’ పేరుతో భారతదేశానికి వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో రూపొందిన అంబాసిడర్ ఉత్పత్తి 2014 వరకు సాగింది. ఇవన్నీ ముందు చక్రాలకు టార్షన్ బార్ పద్ధతిని అనుసరించిన కార్లే. కనుక ఒకే సాంకేతిక వారసత్వాన్ని రెండు దేశాల చట్టాలు ఎలా చూశాయో పోల్చడానికి ఈ పరంపర అనువైనది.

2. నిర్మాణంలోని బలం, బలహీనత:
మైనర్‌లో చుట్టల స్ప్రింగుకు బదులు, పొడవైన ఉక్కు కడ్డీ కారు అడుగున నిలువునా అమరి ఉంటుంది. దాని ముందు కొన కింది చేతికి, వెనుక కొన అడ్డుదూలానికి బిగుసుకొని ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు కడ్డీ మెలితిరిగి బరువును ఓర్చుకుంటుంది. కుదుపును అణచే లివర్ ఆర్మ్ డాంపర్ చెయ్యే చక్రానికి పై లంకెగా కూడా పనిచేస్తుంది. కాబట్టి దానిని తీసి నేటి షాక్ అబ్జార్బర్ బిగించడం కేవలం విడిభాగం మార్పు కాదు; చక్రాన్ని నిలిపే లంకెను మార్చడమే. చుట్టల స్ప్రింగును అమర్చితే, అడ్డుదూలానికి చేరవలసిన బలం పై బిగింపు వద్ద కేంద్రీకృతమవుతుంది. ఆ చోటు అంత భారానికి ఉద్దేశించినది కాదు.

అయితే అసలు నిర్మాణం నిర్దోషం కాదు. చక్రాన్ని మోసే స్వివెల్ పిన్ మరచుట్లపై ట్రనియన్లు తిరుగుతాయి. గ్రీజు అందకపోతే చుట్లు అరిగి, చివరకు పిన్ కింది ట్రనియన్ నుంచి ఊడిపోతుంది, చక్రం కుప్పకూలుతుంది. ఏ మార్పూ చేయని కారు కూడా ఈ విధంగా ప్రాణాంతకం కాగలదు.

3. భారతీయ చట్టం:
1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహన మార్పులకు సంబంధించినది. 2000 నాటి సవరణతో, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నం కాకూడదన్న నియమం వచ్చింది. 2019 జనవరిలో కేరళకు చెందిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే దృఢపరిచింది. అదే ఏడాది చట్టసవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిన్ సంఖ్య, ఛాసిస్ సంఖ్య వంటివి ఉంటాయి గాని సస్పెన్షన్ రకం ఉండదు. 2021 నాటి వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, మౌలికరూపంలో ఉన్న వాహనాలకే ఆ హోదా ఇచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ల మార్పును గణనీయమైన మార్పుగా పేర్కొన్నాయి. ఇక్కడా సస్పెన్షన్ ప్రస్తావన లేదు. ‘మౌలికరూపం’ అన్న మాటకు అధికారి చెప్పే అర్థంపైనే యజమాని ఆధారపడవలసి వస్తుంది.

4. బ్రిటన్ మార్గం:
బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన కార్లకు వార్షిక తనిఖీ మినహాయింపు లభించింది. గత 30 ఏళ్లలో గణనీయంగా మార్చిన కార్లకు ఇది వర్తించదు. ఆ మార్గదర్శకాలు సస్పెన్షన్ పద్ధతి మార్పును పేరుపెట్టి గణనీయమైనదిగా చెప్పాయి. వెంటనే, భద్రత, సామర్థ్యం మెరుగుపరచడానికి ఇరుసులు, చక్రాల యంత్రాంగంలో చేసినవాటిని మినహాయించాయి. అంటే ఏమి మారింది అన్నదానితోపాటు ఎందుకు మారింది అని కూడా అడిగాయి. అయినా మినహాయింపు పొందిన కారు ట్రనియన్‌ను ఏటా ఎవరూ విధిగా పరీక్షించరు. ఆ బాధ్యత యజమానిదే.

5. ముగింపు:
భారతీయ చట్టం వాహనం గుర్తింపును కాపాడింది. బ్రిటన్ నిబంధన మార్పు ఉద్దేశాన్ని కూడా పరిగణించింది. అరిగిన మరచుట్లను మాత్రం ఏ పత్రమూ చూపదు. సస్పెన్షన్ మార్పును స్పష్టంగా పేర్కొని, బలం ఏ దారిన ప్రవహిస్తుందో నిపుణునిచేత పరీక్షింపజేసే నిబంధన అవసరం. మార్చని కారుకూ ఆ పరీక్ష తప్పనిసరి కావాలి. వారసత్వాన్ని కాపాడటమంటే పాతభాగాన్ని అలాగే ఉంచడం మాత్రమే కాదు, అది ఇంకా బరువు మోయగలదో లేదో తెలుసుకోవడం కూడా.