కంబళిచెట్టు – మల్బరీ: ఒక పేరు చరిత్ర

పట్టుపురుగుల మేతకు పెంచే మల్బరీకి తెలుగులో ‘కంబళిచెట్టు’ అని పేరు. ఒంటినిండా నూగు గల పురుగును కంబళిపురుగు అనడం రూఢి. గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పట్టుపురుగుకూ నల్లని నూగు ఉంటుంది. కనుక పురుగు పేరే చెట్టుకు సంక్రమించిందని భావించవచ్చు.

ఐరోపాలో జరిగింది ఇందుకు విపర్యయం. లాటిన్‌లో ఈ చెట్టు ‘మోరుస్’, పండు ‘మోరుమ్’. 1758లో లిన్నేయస్ పట్టుపురుగుకు ‘మోరి’ అని చెట్టు పేరునే చేర్చాడు. ఆంగ్లంలో ఆ పదంలోని రేఫం లకారమై, పండును సూచించే ‘బెర్రీ’తో కలిసి ‘మల్బరీ’ ఏర్పడింది.

ఆంగ్లనామం పండును చెబుతుంది. తెలుగు పేరు పురుగును చెబుతుంది. హిందూపురం ప్రాంతపు పట్టురైతు ఈ చెట్టును పెంచేది ఆకు కోసమే. ‘మల్బరీ’ వ్యవహారంలో స్థిరపడటంతో ఆ వృత్తిసంబంధం పేరులోంచి తొలగింది. పారిభాషిక పదకోశాలు రెండు పేర్లనూ నమోదు చేయడం అవసరం.