వి.వి. గిరి

వరాహగిరి వెంకటగిరి (1894–1980) రైల్వే కార్మికసంఘాల నిర్మాత, కేంద్ర కార్మికశాఖ మంత్రి, భారత నాలుగో రాష్ట్రపతి. 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది.

గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ నాయకత్వంలోని కార్మికులను యజమానులు నెలల తరబడి లాకౌట్ చేసిన ఏడాది అది. బ్రిటిష్ పాలనపై జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత గిరి ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. తిరుగుబాటులో ఆయన స్వయంగా పాల్గొన్నారని కొందరు రాశారు. తిరుగుబాటు నాయకులతో ఉన్న పరిచయం వల్లే పోలీసుల అనుమానానికి గురయ్యారన్న కథనం ఎక్కువ నమ్మదగినది.

స్వదేశంలో న్యాయవాద వృత్తి చేపట్టి, సహాయనిరాకరణ ఉద్యమంలో దాన్ని వదులుకున్నారు. కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసినందుకు 1922లో జైలుకెళ్లారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. స్థాపన 1923లో జరిగిందని జీవితచరిత్రలు, 1924లో అని ఇతర ఆధారాలు చెబుతాయి.

ఆయనకు పేరు తెచ్చింది బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె. కలకత్తా నుంచి బరంపురం మీదుగా వాల్తేరు వచ్చే లైను ఆ కంపెనీదే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కార్మికులను తొలగించబూనడంతో గొడవ ముదిరి సమ్మెకు, లాకౌట్‌కు దారితీసింది. జీవితచరిత్రలు దీన్ని 1928 నాటిదంటాయి గానీ, కార్మికోద్యమ చరిత్రలు చెప్పే 1927 సరైనదిగా తోస్తుంది. 1929లో కార్మిక సమస్యలపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌తో సహకరించాలా వద్దా అన్న వివాదంతో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఎ.ఐ.టి.యు.సి.) చీలింది. కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషితో కలిసి గిరి మితవాదుల వైపు నిలిచారు. ఎ.ఐ.టి.యు.సి.కి 1926లో, ఐక్యత కుదిరాక 1942లో ఆయన అధ్యక్షులు.

ఐర్లండులో కానలీ, లార్కిన్‌లు 1912లో లేబర్ పార్టీకి పునాది వేశారు. గిరి మాత్రం వేరే పార్టీ పెట్టక కాంగ్రెస్‌లోనే కొనసాగారు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మికశాఖ చేపట్టారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మికశాఖ మంత్రి అయ్యారు. తగవులను ట్రిబ్యునళ్లకు అప్పగించడం కంటే యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన వాదన. దానికి ‘గిరి విధానం’ అని పేరు. బ్యాంకు ఉద్యోగులకు అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. ఆయన జీవితంలో అన్నిటికంటే నిక్కమైన నిర్ణయం ఇదే.

1957లో ఒక జనరల్, ఒక రిజర్వుడు స్థానం ఉన్న పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి నిలిచిన డి. సూరిదొర ఎక్కువ ఓట్లతో జనరల్ స్థానాన్ని గెలుచుకున్నారు. గిరి వేసిన కేసును 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. ద్విసభ్య నియోజకవర్గాలు 1961లో రద్దయ్యాయి.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా పనిచేసి 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో 4,20,077 – 4,05,427 ఓట్లతో నెగ్గారు. ఈ పోటీ పెంచిన విభేదాలతో కొద్ది నెలల్లోనే కాంగ్రెస్ చీలింది. 1974 మేలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు రాష్ట్రపతి గిరి. సమ్మె నడిపిన సంఘాల్లో ముఖ్యమైనది ఆయన స్థాపకుల్లో ఒకరైన రైల్వేమెన్ ఫెడరేషనే.

1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న (కొన్నిచోట్ల 23) మద్రాసులో మరణించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.