భాస్కరులెందఱు?

సూర్యవాచకమగు భాస్కరనామము మన దేశమున అన్ని కాలములందును వ్యాప్తి గాంచినది. జ్యోతిష్కులు, వేదాంతులు, వేదభాష్యకారులు, ఉపాసకులు, మంత్రులు, కవులు ఈ పేర వెలసిరి. వీరిలో ఒకరి గ్రంథమును మఱియొకరి కంటగట్టుటయు, ఇరువురిని ఒక్కరినిగా భావించుటయు పలుమారు జరిగినవి. నామసామ్యము వ్యక్త్యైక్యమునకు ప్రమాణము కాదని అందఱు నెఱుగుదురు. కాని ఏ యాధారములచే ఒకరినుండి ఒకరిని వేఱుపఱుపవలెనో ఉదాహరణములవలననే చక్కగా బోధపడును. భాస్కర రామాయణ కర్తృత్వ విచారమునకు ఈ పరిశీలనము మిక్కిలి తోడ్పడునని నా యభిప్రాయము.

లీలావతీకర్తయగు భాస్కరాచార్యుడు తన్ను గూర్చి సందేహమునకు తావీయలేదు. శక 1036 (క్రీ.శ. 1114)లో తాను జన్మించితిననియు, 36వ యేట సిద్ధాంత శిరోమణిని రచించితిననియు గోళాధ్యాయమున చెప్పుకొనెను. గోత్రము శాండిల్యము, తండ్రి మహేశ్వరుడు, నివాసము సహ్యపర్వత ప్రాంతమందలి విజ్జడవిడము. మహారాష్ట్రమున చాళీస్‌గావ్ సమీపమందలి పాటణ గ్రామమున లభించిన క్రీ.శ. 1207 నాటి శాసనము ఈ విషయములకు తోడ్పడుచున్నది. ఆచార్యుని మనుమడగు చంగదేవుడు తాతగారి గ్రంథముల పఠనపాఠనములకై మఠమును నెలకొల్పిన వృత్తాంతము అందు కలదు. ఆ శాసనమందలి వంశావళిలో ఆచార్యునికి అయిదు తరముల పూర్వము భాస్కరభట్టు అను మఱియొకడు కానవచ్చుచున్నాడు. భోజరాజువలన విద్యాపతి బిరుదము నందినవాడు అతడే. కావున వంశమును గోత్రమును ఒక్కటియే యైనను తరభేదమును గమనింపక తప్పదు.

భాస్కరాచార్యుని కీర్తి, ఆయనకు సుమారు 5 శతాబ్దుల పూర్వుడగు వేఱొక జ్యోతిష్కుని మఱుగుపఱచినది. క్రీ.శ. 629లో ఆర్యభటీయమునకు భాష్యము రచించిన భాస్కరుడు ఈతడు. మహాభాస్కరీయము, లఘుభాస్కరీయము ఈతని ఇతర కృతులు. పట్టికతో పనిలేకయే జ్యాప్రమాణమును మిక్కిలి సన్నిహితముగా సాధించు సూత్రము మహాభాస్కరీయమున నున్నది. లీలావతి, బీజగణితము 1817లోనే కోల్‌బ్రూక్ ఆంగ్లానువాద మూలమున ఐరోపాకు తెలిసినవి. పూర్వ భాస్కరునికి ఆ భాగ్యము కలుగలేదు. 1930లో బిభూతిభూషణ దత్త ఇద్దఱు భాస్కరులను గూర్చి ప్రత్యేకముగా వ్యాసము రచింపవలసి వచ్చెను. కృపాశంకర శుక్ల పరిష్కరించిన మహాభాస్కరీయము 1960లోను, ఆర్యభటీయ భాష్యము 1976లోను వెలువడినవి. ఈ యిరువురికిని కాలమొక్కటియే కాదు, సంప్రదాయము కూడ వేఱు. పూర్వుడు ఆర్యభటుని పక్షమువాడు. తరువాతివాడు ప్రధానముగా బ్రహ్మగుప్తుని మార్గము ననుసరించినవాడు.

శాస్త్రాంతరములలోని భాస్కరులను గూర్చియు ఇట్లే విచారింపవలెను. బ్రహ్మసూత్రములకు భేదాభేదపరముగా భాష్యము రచించిన భాస్కరుడు శంకరుల మాయావాదమును ఖండించెను. ఈతని మతమును ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో పేర్కొనెను. ఉదయనుని లక్షణావళి శక 906 (క్రీ.శ. 984) నాటిదని ప్రసిద్ధము. అనగా లీలావతీకర్త పుట్టుటకు శతాబ్దికి పైగా పూర్వమే ఈ వేదాంతి మతము ప్రచారమునం దున్నది. తైత్తిరీయ సంహితకు జ్ఞానయజ్ఞమను భాష్యము రచించిన భట్టభాస్కరుడు కౌశికగోత్రుడు. శాండిల్యగోత్రుడగు గణితజ్ఞుడు కానేరడు. లలితా సహస్రనామములకు సౌభాగ్యభాస్కర వ్యాఖ్యను రచించిన భాస్కరరాయడు గంభీరరాయని కుమారుడు, 18వ శతాబ్దివాడు. ఈ మువ్వురిని వేఱుచేయుటకు క్రమముగా ఉత్తరకాలికుని ప్రస్తావన, గోత్రము, పితృనామము అక్కఱకు వచ్చినవి.

ఇక ఆంధ్రకవుల విషయము. తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమున తన పితామహుడగు మంత్రి భాస్కరుని గుంటూరి విభునిగను కవిగను ప్రశంసించెను. దీనినిబట్టి కొందఱు, మంత్రి భాస్కరుడు రామాయణమును రచించి యుండెననియు, అందువలననే తిక్కన పూర్వకథను వదలి ఉత్తరకథను చేపట్టెననియు ఊహించిరి. ఈ ఊహ నంగీకరించినచో భాస్కర రామాయణము తిక్కనకు పూర్వమునకు జరుగును. ఆంధ్రకవితా పరిణామ క్రమమే మార్చి చెప్పవలసి వచ్చును. కావున ఇది పేరునకు సంబంధించిన స్వల్ప విషయము కాదు.

గ్రంథస్థ సాక్ష్యము ఈ యూహకు అనుకూలముగా లేదు. తిక్కన తన తాతను కవియని కొనియాడెనే కాని రామాయణకర్తయని చెప్పలేదు. భాస్కర రామాయణము నలువురి కృతి. హుళక్కి భాస్కరుడు అరణ్యకాండమును, యుద్ధకాండ పూర్వభాగమును రచించెను. బాల, కిష్కింధా, సుందర కాండములు మల్లికార్జునభట్టువి. అయోధ్యాకాండము కుమార రుద్రదేవునిది. యుద్ధకాండ శేషము అయ్యలార్యునిది. మల్లికార్జునభట్టు తన గద్యలో హుళక్కి భాస్కరుని పుత్రుడనని చెప్పుకొనెను. మంత్రి భాస్కరుని కుమారులు కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన యనువారు. వీరిలో మల్లనయే మల్లికార్జునభట్టని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని అదియు మఱల నామసామ్యముపై నిలిచిన వాదమే. మంత్రులు, దండనాథులు వెలసిన కొట్టరువు వారింట భట్టు శబ్దము పొసగదు. కృతిపతి సాహిణిమారుడు. సాహిణి యనగా అశ్వసేనాధిపతి. ఈతడు కాకతీయ ప్రతాపరుద్రుని (1289-1323) కాలమువాడని సాహిత్య చరిత్రకారులలో పలువురి మతము. 13వ శతాబ్ది మధ్యమున మనుమసిద్ధి కొలువులో నున్న తిక్కనకు తాతయైనవాడు ఆనాటికి కావ్యము రచించుచుండుట అసంభవము. కావున రామాయణ భాస్కరుడు హుళక్కి భాస్కరుడే యని నిశ్చయించుట యుక్తము.

కృతి పేరిలో భాస్కర పదము కానవచ్చినను జాగరూకత అవసరమే. భాస్కర శతకమును రచించినవాడు మారద వెంకయ్య. అందలి భాస్కర పదము సూర్యుని సంబోధించు మకుటము మాత్రమే, కవినామము కాదు.

పరిశోధక విద్యార్థులు సమాననాములను నిర్ణయించునపుడు తండ్రిపేరు, గోత్రము, నివాసము, కృతిపతి, సంప్రదాయము, ఇతరులు పేర్కొనిన కాలము అను నీ యాఱింటిని వరుసగా పరీక్షింపవలెను. వీనిలో రెండు మూడైనను కలియనిదే ఇరువురిని ఒక్కరని చెప్పరాదు. అట్లే ఒక యంశము లభింపనంత మాత్రమున ఒక్కని ఇరువురుగా చీల్చుటయు తగదు. మంత్రి భాస్కరుని కవితాప్రతిభకు మనుమని ప్రశంసయే చాలినంత గౌరవము. ఆయన కీర్తిని పెంచుటకై హుళక్కి భాస్కరుని కావ్యమును అపహరింప నక్కఱలేదు. ఎవరి కృషిని వారికి చెందజేయుటయే చరిత్రకారుని ప్రథమ ధర్మము.